చిక్కమగళూరు కాఫీ తోటలు చూడటానికి ఏ నెలలో వెళ్ళాలి? రెండు రోజులు సరిపోతాయా?

నేను మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి తప్పు నెలలో, రెండోసారి తప్పు వారంలో. మూడోసారి కుదిరింది. కాబట్టి మీకు తోటలో ఏం చూడాలని ఉందో ముందు తేల్చుకోండి, నెల సంగతి దాన్ని బట్టే తేలుతుంది.

మొదటిసారి జూలైలో వెళ్ళాం. కొండల మీద మబ్బులు వాలిన ఫోటోలు చూసి మా ఆవిడ ముచ్చటపడింది. మబ్బులైతే బోలెడు దొరికాయి, వాటి వెనకాల కొండలే కనిపించలేదు. వానాకాలంలో కాఫీ చెట్టుకి పచ్చి కాయలు తప్ప ఏమీ ఉండవు. పైగా తోటలో పావుగంట నడిచేసరికి సాక్సుల్లో జలగలు. పచ్చదనం, వాన, వేడివేడిగా ఏదైనా తింటూ వరండాలో కూర్చోవడం చాలనుకుంటే ఆ నెలలూ బాగానే ఉంటాయి. తోట చూడటానికి మాత్రం పనికిరావు.

రెండోసారి పూల కోసం మార్చి చివర్లో వెళ్ళాం. వేసవి మొదట్లో ఒక మంచి వాన పడితే, ఆ తర్వాత వారం పది రోజులకి కొమ్మ కొమ్మా తెల్లగా విచ్చుకుంటుంది. వాసన అచ్చం మల్లెపూలదే. అదంతా రెండు మూడు రోజుల ముచ్చట. మేం వెళ్ళేటప్పటికి పూలన్నీ గోధుమరంగుకి మాడి కొమ్మలకి అంటుకుని ఉన్నాయి. "నాలుగు రోజులు ముందు రావాల్సింది" అన్నాడు తోట రైటరు (అక్కడ పని చూసే ఉద్యోగిని రైటరు అంటారు, కథలు రాయడు). కాఫీలో అరబికా, రోబస్టా అని రెండు ముఖ్యమైన రకాలు. రోబస్టా తోటల్లో కొందరు వాన కోసం చూడకుండా స్ప్రింక్లర్లతో తడిపి పూయిస్తారు. ఏ తోటలో ఎప్పుడు తడుపుతారో దూరం నుంచి వచ్చే మనకి తెలియదుగా. పూలు చూడాలంటే అక్కడ తెలిసినవాళ్ళు ఉండాలి, వాళ్ళు ఫోన్ చేయగానే బయల్దేరగలగాలి. నెల ముందే టికెట్లు కొనుక్కునేవాళ్ళకి ఇది లాటరీయే.

మూడోసారి జనవరిలో వెళ్ళాం. నా ఓటు ఆ నెల మొదటి రెండు వారాలకి. అరబికా కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది, రోబస్టా ఆ తర్వాత అందుకుంటుంది. జనవరిలో వెళ్తే రెండూ చూసే వీలుంటుంది. అరబికాలో ఎర్రగా పండినవే ఏరాలి, అందుకే ఒకే చెట్టు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వస్తారు. ఒక పండు నోట్లో వేసుకున్నాను. గుజ్జు చాలా పలచన, కానీ తియ్యగా ఉంది. లోపల మామూలుగా రెండు గింజలు బల్లపరుపు వైపులు ఆనించుకుని ఉంటాయి. ఒక్కోసారి ఒకటే గుండ్రటి గింజ ఉంటుంది. కొట్లో అడిగి కొనుక్కునే పీబెర్రీ అదే.

అసలు చూడాల్సింది సాయంత్రం. బస్తాలు తూకం అయ్యాక పండ్లని ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీస్తారు. జిగురుతో ఉన్న గింజల్ని తొట్లలో పులియబెట్టి, కడిగి, కళ్ళంలో ఆరబోస్తారు. మన ఊళ్ళలో వడ్లు తిరగేసినట్టే పలకలతో తిరగేస్తూ ఉంటారు. ఆరు కిలోల పండ్లకి కిలో గింజలు రావడమే గగనం. ఇంకో మాట, అక్కడ కాఫీ వాసన వస్తుందని ఆశపడకండి. పులిసిన కల్లు లాంటి వాసన వస్తుంది. ఆరిన గింజకి ఎండుగడ్డి వాసన. మనకి తెలిసిన వాసన వేయించాకే పుడుతుంది.

బస బుక్ చేసే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీ సొంత తోటేనా? కళ్ళం, పల్పర్ చూపిస్తారా?" రెండోసారి మేం దిగిన చోట 'ఎస్టేట్ టూర్' అని విడిగా డబ్బులు తీసుకుని, రోడ్డు పక్కన ఓ ఇరవై చెట్లు చూపించి, నేరుగా పొడి ప్యాకెట్లు అమ్మే గదిలోకి తీసుకెళ్ళారు. టూర్ మొత్తం పన్నెండు నిమిషాలు. మూడోసారి దిగిన ఇల్లు చిన్నదే, వేడినీళ్ళకి కూడా ఇబ్బందే, కానీ తోట వాళ్ళదే. పొద్దున్నే రైటరుతో పాటు మమ్మల్నీ తిప్పారు. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉంటాయి, వాటి నీడలో కాఫీ. తెలియనివాళ్ళకి అది తోటలా ఉండదు, అడవిలా ఉంటుంది. ఆ ఇంట్లో ఇచ్చిన కాఫీ మాత్రం చికోరీ (కాఫీపొడిలో కలిపే ఒక వేరు పొడి), పాలు, దండిగా చక్కెర! మేలు రకం గింజలు ఏవని అడిగితే, ఎగుమతికి పోతాయని నవ్వారు.

ముళ్ళయ్యనగిరి ఎలాగూ ఎక్కుతారు. 1,900 మీటర్ల పైమాటే, కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పైన గడ్డి కొండలే, కాఫీ కింద వాలుల్లో ఉంటుంది. సెలవురోజు ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా తెల్లవారుజామునే వెళ్ళండి. పక్కనే బాబా బుడన్‌గిరి. 17వ శతాబ్దంలో సూఫీ సాధువు బాబా బుడన్ యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి ఇక్కడ నాటారని చెప్పుకుంటారు. ఏడే ఎందుకని మా అబ్బాయి అడిగాడు, నా దగ్గర జవాబు లేదు.

రెండు రోజులంటే రెండు రాత్రులు అనుకుంటే చాలు. ఒక పూట కొండకి, ఒక పూర్తి రోజు తోటకి. బెంగళూరు నుంచి కారులో హాసన్ మీదుగా అయిదు గంటలు పట్టింది మాకు. రైలైతే కడూరులో దిగండి, అక్కణ్ణుంచి 40 కిలోమీటర్లు. జనవరి పొద్దుటి చలికి స్వెట్టర్, తోటలో జారని బూట్లు. కళ్ళంలో ఆరబోసిన గింజల మీద పిల్లల్ని నడవనివ్వకండి, మావాడు నడిచి మేస్త్రీ చేత చీవాట్లు తిన్నాడు.