సెగ్మెంటెడ్ బార్ చార్ట్ వేసే ముందు తేల్చుకోవాల్సింది: ఆ 100 శాతం ఎవరిది?

దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నానని, ప్రాజెక్టు కోసం బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లు 180 మందిని ‘కాలేజీకి దేనిలో వస్తారు’ అని అడిగి ఫారాలు నింపించానని రాశారు. సార్ సెగ్మెంటెడ్ బార్ చార్ట్ వెయ్యమన్నారు, మామూలు బార్ చార్ట్‌కీ దీనికీ తేడా ఏమిటి, వేశాక కింద ఏం రాయాలి అన్నది మీ ప్రశ్న. నేను స్టాటిస్టిక్స్ చదువుకున్నదాన్నే, ఇప్పుడు చేసేది కూడా సర్వేల పనే. అయినా ఇలాంటి చార్టును మొదటిసారి పదిమంది ముందు పెట్టినప్పుడు తప్పుగా చదివాను. ఆ సంగతి చెబితే మీకు సగం జవాబు దొరుకుతుంది.

తేడా రెండు మాటల్లో. బడిలో కమ్మీ చిత్రం అని చదువుకున్నాం కదా, అందులో ఒక్కో కమ్మీ ఒక్కో సంఖ్యను చూపిస్తుంది. సెగ్మెంటెడ్ బార్‌లో ఒక్కో కమ్మీ ఒక గుంపు మొత్తం. ఆ గుంపులో ఎవరెవరు ఏ జవాబు చెప్పారో దాన్ని బట్టి కమ్మీని ముక్కలు చేస్తాం. అన్ని కమ్మీలూ ఒకే ఎత్తు, 100 శాతం. బస్సు, మెట్రో, బైకు లాంటి జవాబులకు సగటు తీయలేం, ఎందరెందరు అని లెక్కపెట్టగలం అంతే. అలాంటి డేటాలో రెండు విషయాలకు సంబంధం ఉందా లేదా అని కంటితో చూడటానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇక నా సంగతి. కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో మా దగ్గర పక్కపక్కనే ఉన్న మూడు కాలనీల సంఘాలు కలిసి నీళ్ల సర్వే చేశాయి. ఇంటింటికీ తిరిగి ‘వాడుకకు ముఖ్యంగా ఏ నీళ్లు’ అని అడిగాం. జవాబులు మూడు: మంజీరా, బోరు, ట్యాంకర్. (కృష్ణా నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా నల్లా నీళ్లను మా దగ్గర మంజీరా అనే అంటారు.) లెక్క సులువుగా ఉండాలని ఇక్కడ అంకెలు కొద్దిగా సర్ది చెబుతున్నాను. పెద్ద కాలనీలో 120 ఇళ్లు: మంజీరా 54, బోరు 30, ట్యాంకర్ 36. చిన్న కాలనీలో 45 ఇళ్లు: మంజీరా 9, బోరు 9, ట్యాంకర్ 27. మూడో కాలనీలో 60 ఇళ్లు: మంజీరా 30, బోరు 15, ట్యాంకర్ 15.

నేను ఈ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టే కమ్మీలుగా పేర్చి, ట్యాంకర్ ముక్కకు ఎర్ర రంగు వేసి, కమ్యూనిటీ హాలు గోడ మీద ప్రొజెక్టర్‌తో చూపించాను. పెద్ద కాలనీ ఎర్ర ముక్క అన్నిటికన్నా పొడుగు. ‘ట్యాంకర్ సమస్య ఇక్కడే ఎక్కువ, లైను చూడటానికి వచ్చేవాళ్లను ముందు ఇటే తీసుకురావాలి’ అని చెప్పేశాను. అందరూ తలలూపారు. చిన్న కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మాత్రం లేచి నిలబడింది. “మా గల్లీల పదిండ్లుంటే ఆరిండ్లోళ్లు ట్యాంకర్ తెప్పిచ్చుకుంటున్రు బిడ్డా. నీ బొమ్మల జూస్తే మాకే తక్కువ కష్టమున్నట్టు కనవడ్తున్నది” అంది.

అక్కడే కూర్చుని భాగించాను. 45లో 27 అంటే 60 శాతం. పెద్ద కాలనీలో 120కి 36, అంటే 30 శాతం. మూడో కాలనీలో 25 శాతం. ఆమె చెప్పిందే నిజం. మూడు కమ్మీల్నీ ఒకే ఎత్తుకు తెచ్చి మళ్లీ వేస్తే చిన్న కాలనీ కమ్మీలో సగానికి పైగా ఎరుపే కనిపించింది. కమ్మీ చిన్నదిగా ఉన్నందుకు వాళ్ల కష్టాన్ని నేను చిన్నది చేశాను. ఆ తర్వాత తీర్మానం మార్చి రాసుకున్నాం గానీ, ఆమె ఆ రోజు మీటింగుకు రాకపోయి ఉంటే ఏమయ్యేదన్నది ఇప్పటికీ నా మనసులో ఉంది.

అలాగని సంఖ్యలతో వేసిన చార్ట్ దండగ అనుకోకండి. అదే మీటింగులో సెక్రటరీ గారు ‘వారానికి ఎన్ని ట్యాంకర్లు మాట్లాడాలి’ అని అడిగారు. దానికి కావాల్సింది ఇళ్ల సంఖ్యే, అంటే 36, 27, 15. శాతం చూసి ట్యాంకర్లు మాట్లాడితే పెద్ద కాలనీకి నీళ్లు చాలవు. ‘ఎక్కడ పరిస్థితి ఎక్కువ చెడింది’ అన్నప్పుడు శాతం చూడాలి, ‘ఎంత సరుకు కావాలి’ అన్నప్పుడు సంఖ్య చూడాలి. 100 శాతం చార్ట్‌లో 5 ఇళ్ల కాలనీ, 500 ఇళ్ల కాలనీ ఒకే ఎత్తున నిలబడతాయి. అందుకే ప్రతి కమ్మీ కింద ఆ గుంపులో ఎంతమంది ఉన్నారో అంకె వేయడం తప్పనిసరి. మీ చార్ట్‌లోనూ బీఏ పక్కన, బీకాం పక్కన సంఖ్య వెయ్యండి. ఆ అంకె లేని చార్టును నేను ఎవరు తెచ్చినా వెనక్కి ఇచ్చేస్తాను.

ఇప్పుడు అసలు విషయం. ఆ 36 ఇళ్లనే తీసుకోండి. ‘పెద్ద కాలనీ ఇళ్లలో 30 శాతం ట్యాంకర్ కొంటాయి’ అనొచ్చు. మూడు కాలనీల్లో ట్యాంకర్ కొనే ఇళ్లు మొత్తం 78, వాటిలో 36 పెద్ద కాలనీవి కాబట్టి ‘ట్యాంకర్ కొనే ఇళ్లలో 46 శాతం పెద్ద కాలనీవే’ అని కూడా అనొచ్చు. రెండూ నిజమే, 36 మారలేదు. మొదటి దాంట్లో 100 అంటే కాలనీ, రెండో దాంట్లో 100 అంటే ట్యాంకర్ కొనేవాళ్లు. మొదటి లెక్కలో చిన్న కాలనీ కష్టం ముందుకొస్తుంది, రెండో లెక్కలో పెద్ద కాలనీ ముందుకొస్తుంది. చార్ట్ వేసేముందు ‘నా 100 ఎవరిది’ అని కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది తేలకపోతే తర్వాత ఎన్ని రంగులు వేసినా లాభం లేదు.

మీ ప్రాజెక్టు తేల్చాల్సింది ‘గ్రూపును (బీఏ, బీకాం, బీఎస్సీ) బట్టి ప్రయాణం మారుతోందా’ అన్నది. కాబట్టి గ్రూపులే కమ్మీలు కావాలి, బస్సు, మెట్రో, బైకు, నడక ముక్కలు కావాలి. ఇక్కడ ఎక్సెల్‌తో జాగ్రత్త. పట్టిక సెలెక్ట్ చేసి 100% స్టాక్డ్ కాలమ్ (సెగ్మెంటెడ్ బార్‌కు అందులో పేరు ఇదే) నొక్కితే, అడ్డం నిలువుల్లో ఏ వైపు ఎక్కువ ఉంటే దాన్నే అది కమ్మీలుగా పెట్టేస్తుంది. మీకు గ్రూపులు మూడు, ప్రయాణ మార్గాలు నాలుగు. అంటే బస్సు ఒక కమ్మీ, మెట్రో ఒక కమ్మీ అయి కూర్చుంటాయి, మీ 100 తలకిందులవుతుంది. చార్ట్ చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి తప్పు తెలియదు. చార్ట్ డిజైన్‌లో స్విచ్ రో/కాలమ్ అని బటన్ ఉంటుంది, అది నొక్కండి.

ఇదే విషయం ఇంకా గట్టిగా కనిపించాలంటే టైటానిక్ లెక్క వేసి చూడండి. 1912 ఏప్రిల్‌లో మునిగిన ఆ ఓడ లెక్క స్టాటిస్టిక్స్ క్లాసుల్లో తరచూ వాడతారు. ఆ డేటాలో 2201 మంది ఉన్నారు, బతికినవాళ్లు 711. మొదటి తరగతిలో 325 మందికి 203 మంది, రెండో తరగతిలో 285కి 118, మూడో తరగతిలో 706కి 178, సిబ్బందిలో 885కి 212 మంది బతికారు. ఉత్త సంఖ్య చూస్తే అందరికన్నా ఎక్కువ బతికింది సిబ్బందే. ఒక్కో గుంపును 100 చేసి చూస్తే మొదటి తరగతి 62 శాతం, రెండోది 41, మూడోది 25, సిబ్బంది 24. నాలుగు కమ్మీలు పక్కపక్కన పెడితే మెట్లు దిగినట్టు ఉంటుంది.

చదవడం ఎలాగంటారా? కమ్మీలన్నీ ఇంచుమించు ఒకేలా ముక్కలైతే ఆ రెండు విషయాలకూ సంబంధం లేనట్టు, ముక్కలు కమ్మీకి కమ్మీకి మారిపోతే సంబంధం ఉన్నట్టు. ఎంత మారితే మారినట్టు అన్న దగ్గరే పిల్లలు తొందరపడతారు. మా సర్వేలో పెద్ద కాలనీ 30 శాతం, మూడో కాలనీ 25 శాతం. ఆ 5 శాతం అంటే 60 ఇళ్లలో 3 ఇళ్లు. ముగ్గురు వేరే జవాబు చెప్పి ఉంటే తేడానే ఉండేది కాదు, దాన్ని పట్టుకుని కథ అల్లకూడదు. చిన్న కాలనీ సంగతి వేరు. మూడు కాలనీల్నీ కలిపితే 225 ఇళ్లలో 78, అంటే దాదాపు 35 శాతం ట్యాంకర్. అన్ని కాలనీలూ ఒకేలా ఉంటే ఆ 45 ఇళ్లలో 15 లేదా 16 రావాలి, వచ్చినవి 27. మీ సిలబస్‌లో కై-స్క్వేర్ పరీక్ష ఉంటే అది చేసేది సరిగ్గా ఈ పోలికే. ప్రాజెక్టులో చార్ట్ కింద అది కూడా పెడితే బలంగా ఉంటుంది.

సంబంధం ఉందని తేలినా, కారణం తెలిసినట్టు రాయకండి. టైటానిక్ సిబ్బంది 885 మందిలో ఆడవాళ్లు 23 మందే. ఓడ మొత్తంలో ఆడవాళ్లలో 73 శాతం బతికితే మగవాళ్లలో 21 శాతమే బతికారు. అందుకని సిబ్బంది కమ్మీని ఒంటరిగా చూసి వాళ్ల ఉద్యోగం వల్లే పోయారనడం కుదరదు. మీ ప్రాజెక్టులో ఇలాంటి మూడో విషయం కళ్లెదుటే ఉంది. 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ప్రభుత్వ మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, జీరో టికెట్ ఇస్తారు. మీ బీకాంలో అమ్మాయిలు ఎక్కువుంటే బస్సు ముక్క పెద్దదవుతుంది, అందులో బీకాం చదువు పాత్ర ఏమీ ఉండకపోవచ్చు. ఫారంలో ఆడ, మగ రాయించి ఉంటే రెండు చార్టులు విడివిడిగా వెయ్యండి. గ్రూపుల మధ్య తేడా అప్పుడూ నిలబడితే ధైర్యంగా రాయొచ్చు.

ముక్కల వరుస గురించి ఒక మాట. అందరికన్నా కింద ఉన్న ముక్కను పోల్చడం సులువు, అన్నీ ఒకే గీత మీద నుంచి మొదలవుతాయి కాబట్టి. మధ్యలో ఉన్నవి ఒక్కోటి ఒక్కో ఎత్తు నుంచి మొదలవుతాయి, కన్ను తడబడుతుంది. క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు 1984లో ప్రచురించిన పరిశోధనలో తేలింది కూడా ఇదే: ఒకే గీత మీద నుంచి కొలిచే పొడవుల్ని మనం బాగా పోలుస్తాం, గాల్లో వేలాడే పొడవుల్ని అంత బాగా పోల్చలేం. మా రెండో చార్ట్‌లో ట్యాంకర్‌ను కింద పెట్టాను. పెద్ద కాలనీలో దాని మీద బోరు ముక్క 30 దగ్గర మొదలై 55 దగ్గర ఆగింది. సంఘంలో ఒకాయన దాన్ని చూసి ‘బోరు 55 శాతమా’ అన్నారు. కాదు, 25 శాతమే. చిన్న కాలనీలో ఆ ముక్క 60 నుంచి 80 వరకు, ఇంకా పైన ఉంది, కానీ అది 20 శాతమే. అందుకే మీకు దేని మీద ఎక్కువ చెప్పాలని ఉందో దాన్ని కింద పెట్టండి, అన్ని కమ్మీల్లోనూ అదే వరుస ఉంచండి, ముక్క లోపలే శాతం రాయండి.

రంగుల సంగతి ప్రింట్ తీశాక తెలుస్తుంది. కాలేజీ ముందు జిరాక్స్ షాపులో బ్లాక్ అండ్ వైట్ తీయిస్తే ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకే బూడిద రంగులోకి రావచ్చు, అప్పుడు సార్‌కు ఏ ముక్క ఏదో తెలియదు. లేత నుంచి ముదురుకు పోయే ఒకే రంగు వాడండి.

కింద ఏం రాయాలని అడిగారు. ‘బీకాం విద్యార్థుల్లో ఇంత శాతం బస్సులో వస్తున్నారు, బీఎస్సీలో అది ఇంత’ అని, ఎవరిలో అన్నది ముందు వచ్చేలా రాయండి. ‘బస్సులో వచ్చేవాళ్లు బీకాంలో ఎక్కువ’ అని మాత్రం రాయకండి. సంఖ్యలో ఎక్కువా, శాతంలో ఎక్కువా అన్నది అందులో తెలియదు. రెండు మూడు వాక్యాలు చాలు.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ నాకు దిగులుగా ఉన్నది ఇదే. మన ఊళ్లో ఒకే బండిలో కాలేజీకి వచ్చేవాళ్లు తక్కువ. మియాపూర్ పిల్ల షేర్ ఆటోలో మెట్రో స్టేషన్‌కు వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, అక్కడి నుంచి నడుస్తుంది. ఆ అమ్మాయి ఫారంలో మూడు టిక్కులు పెట్టి ఉంటుంది. అలాంటి ఫారాలుంటే ముక్కలన్నీ కలిపి 100 దాటిపోతాయి, సెగ్మెంటెడ్ బార్ వెయ్యడానికే కుదరదు. ఒక్కొక్కరూ ఒక్క ముక్కలోనే ఉండాలి. ‘ఎక్కువ దూరం దేనిలో వస్తారు’ అని వాళ్లను మళ్లీ అడిగితే సరిపోతుంది. ఎక్సెల్ తెరవక ముందే 180 ఫారాలూ ముందేసుకుని, ఒకటికి మించి టిక్కులున్నవి పక్కకు తీసి లెక్కపెట్టండి.