మధ్యయుగపు గ్రీకు సువార్త రాతప్రతిని ఎలా అధ్యయనం చేయాలి? బైండింగ్ గురించి అంత పట్టింపు ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: వేదాంత కళాశాలలో కొత్త నిబంధన గ్రీకు కొంతవరకు చదువుకున్నారు. పరిశోధన కోసం పన్నెండో శతాబ్దపు సువార్త రాతప్రతి ఒకటి ఎంచుకున్నారు. పాఠభేదాలతో (ఒకే వాక్యం వేర్వేరు ప్రతుల్లో వేర్వేరుగా ఉండటం) మొదలుపెట్టాలా, లిపితో మొదలుపెట్టాలా అన్నది సందేహం. చివర్లో కాస్త విసుగ్గా, "అట్టల గురించి పేజీలకు పేజీలు ఎందుకు రాస్తారు?" అని కూడా అడిగారు. పుస్తకాల మరమ్మతు నా వృత్తి కనుక ఆ చివరి ప్రశ్న నుంచే వస్తాను. తాళపత్రాలతో మొదలుపెట్టి, తర్వాత యూరప్‌లోని ఒక గ్రంథాలయంలో బైజాంటిన్ (కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యపు) చర్మపత్ర గ్రంథాల మీద చాలాకాలం పనిచేశాను.

నా సలహా మీ గురువులకు నచ్చకపోవచ్చు: పాఠం చదవడాన్ని ఆఖరికి పెట్టుకోండి. పన్నెండో శతాబ్దపు సువార్త ప్రతుల్లో అత్యధిక భాగం ఒకే రకం పాఠాన్ని, పండితులు బైజాంటిన్ పాఠం అనేదాన్నే, మళ్లీ మళ్లీ ఎత్తి రాసినవి. మీ ప్రతిలో కొత్త పాఠభేదం దొరికితే అదృష్టమే, కానీ దాన్ని నమ్ముకుని పరిశోధన మొదలుపెట్టకండి. అదే పుస్తకం తోలు, కుట్టు, చెక్క, మైనపు మరకలు మాత్రం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండవు. వాటిని ఇప్పటిదాకా ఎవరూ నమోదు చేయకపోయి ఉండటానికే ఎక్కువ అవకాశం.

పశ్చిమ యూరప్ పుస్తకాన్ని, గ్రీకు పుస్తకాన్ని పక్కపక్కన పెడితే కొత్తవారికి కూడా తేడా తెలిసిపోతుంది. పశ్చిమంలో ఫారాలను (నాలుగు జంట ఆకులను మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే పదహారు పేజీలు, మన ప్రెస్సుల్లో ఫారం అనేదే) అడ్డంగా పెట్టిన తాళ్లకో తోలు పట్టీలకో కుట్టేవారు. అందుకే ఆ పుస్తకాల వెన్ను మీద గట్లు లేచి ఉంటాయి. గ్రీకు పుస్తకం వెన్ను నున్నగా ఉంటుంది. అక్కడ ఆధారంగా తాడు ఏదీ ఉండదు. ఒక ఫారం లోంచి బయటికి వచ్చిన దారం అంతకుముందు ఫారం కుట్టులో దూరి మెలిక తిరిగి వెనక్కి వస్తుంది, అలా గొలుసుకుట్టుగా సాగిపోతుంది. దారం మెలిక పైకి తేలకుండా మడత మీద ముందుగానే చిన్న త్రికోణపు గాట్లు పెట్టేవారు. ఆ గాట్లను గుర్తుపెట్టుకోండి, మళ్లీ వాటి దగ్గరికి వస్తాను.

అట్టలు చెక్కవి, ఆకుల అంచుతో సరిసమానంగా కోసినవి. పశ్చిమ పుస్తకాల్లోలాగా అట్ట ఆకుల కంటే బయటికి పొడుచుకు రాదు. చాలా పుస్తకాల్లో అట్ట మందం మధ్యగా, అంచుల పొడవునా ఒక గాడి ఉంటుంది. వెన్ను పైకొసన, కింది కొసన దారంతో అల్లిన లావుపాటి అంచుకట్టు అట్టల మీదికి కూడా పాకి, పుస్తకం ఎత్తును దాటి పైకి లేస్తుంది. ఒక అట్టకు కట్టిన జడలాంటి తోలు పట్టీ రెండో అట్ట అంచున దిగగొట్టిన లోహపు పిన్నుకు తగులుకుంటుంది. ఇదంతా చూస్తే ఈ పుస్తకాన్ని నిలబెట్టడానికి కాక పడుకోబెట్టడానికి తయారుచేశారని తెలిసిపోతుంది. పశ్చిమ దేశాల గ్రంథాలయాలు వీటిని తెచ్చి బీరువాల్లో నిలువుగా పేర్చాయి. బరువంతా అంచుకట్టు మీద పడి అది నలిగిపోయింది, లోపలి ఆకులు ముందుకు జారాయి. మీ ప్రతి అంచుకట్టు కింది కొసన మాత్రమే నలిగి ఉంటే, ఆ పుస్తకం కొంతకాలం నిలువు బీరువాలో బతికిందని రాసుకోవచ్చు.

తోలు మీద చిన్న చిన్న అచ్చులు కాల్చి వేసేవారు: లిల్లీ పువ్వు, గులాబీ, రెండు తలల గద్ద. ఆ గద్దను చూడగానే మనవాళ్లకు గండభేరుండం గుర్తుకొస్తుంది, నాకూ వచ్చింది, కానీ దానికీ దీనికీ ముడిపెట్టకండి. అచ్చులను కొలిచి, పక్కనుంచి వాలుగా లైటు వేసి ఫోటో తీసుకోండి. ఒకే అచ్చు రెండు పుస్తకాల మీద కనబడితే రెండూ ఒకే పనివారి చేతుల్లోంచి వచ్చాయని వాదించడానికి అది మంచి ఆధారం. పాతకాలం పండితుల్లాగా కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దే పని మాత్రం వద్దు.

అసలు మెలిక ఇక్కడుంది. రాత వయసు, బైండింగ్ వయసు ఒకటి కానక్కర్లేదు. ఒకటి కాకపోవడమే ఎక్కువ. నా బల్ల మీదికి వచ్చిన ఒక పాఠావళి (ఏడాది పొడవునా ఆరాధనలో చదివే సువార్త భాగాలను వరుసగా కూర్చిన పుస్తకం) గురించి చెబుతాను. లిపి చూస్తే పన్నెండో శతాబ్దం. అట్టలు పాత చెక్కవి, తోలు నల్లబడింది. చూసినవారందరూ ఆ కాలానిదే అనేశారు. ముందు అట్ట తెరిచి మొదటి ఆకును భూతద్దంతో చూస్తే పురుగు తొలిచిన రంధ్రాలు గుంపుగా కనిపించాయి. ఆకుకు ఆనుకుని ఉండే అట్ట లోపలి ముఖం మాత్రం శుభ్రంగా ఉంది. చెక్కను తొలిచే పురుగు ఆకులోకి వచ్చిందంటే సాధారణంగా అట్టలోంచే రావాలి. అంటే పురుగు పట్టిన కాలంలో ఈ పుస్తకానికి ఉన్న అట్ట ఇది కాదు. తర్వాత ఫారం మధ్య మడత విప్పి చూశాను. ఇందాక చెప్పిన త్రికోణపు గాట్లు ఉన్నాయి, కానీ వాటిలో దారం లేదు. దారం వేరే చోట గుచ్చిన సూది రంధ్రాల్లోంచి పోతోంది. గ్రీకు కుట్టు విప్పేసి ఎవరో పశ్చిమ పద్ధతిలో తిరిగి కుట్టారన్నమాట. ఇంత తెలుసుకోవడానికి గ్రీకు ఒక్క ముక్క రానక్కర్లేదు.

ఆ కుట్టినవారు అంతటితో ఆగలేదు, అంచులు కూడా కత్తిరించి సమానం చేశారు. దాంతో మార్జిన్‌లో ఎర్ర సిరాతో రాసిన గుర్తులు సగానికి తెగిపోయాయి. పాత పుస్తకాన్ని "బాగుచేసి" కొత్త బైండింగ్ వేయించడం పంతొమ్మిదో శతాబ్దపు గ్రంథాలయాలకు గౌరవప్రదమైన పని. నాకు దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ విషయంలో ఈజిప్టులో సీనాయిలోని సెయింట్ కేథరీన్ మఠం పుణ్యం చేసుకుంది. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన ఆ మఠంలో ఎడారి పొడి గాలి వల్ల, పెద్దగా ఎవరి చేయీ పడకపోవడం వల్ల పాత బైండింగులు పెద్ద సంఖ్యలో అలాగే మిగిలాయి. బైండింగ్ చరిత్ర నిపుణుడు నికొలస్ పిక్‌వోడ్ నాయకత్వంలో వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి నమోదు చేశారు. గ్రీకు బైండింగ్ గురించి ఏమి చదవాలన్నా అక్కడి పుస్తకాల దగ్గరికి వెళ్లక తప్పదు.

ఇక ఆకులు. చర్మానికి వెంట్రుకల వైపు కాస్త పసుపుగా, చుక్కలు చుక్కలుగా ఉంటుంది. మాంసం వైపు తెల్లగా ఉంటుంది. పుస్తకం ఎక్కడ తెరిచినా తెలుపుకు ఎదురు తెలుపు, పసుపుకు ఎదురు పసుపు రావాలి. కొత్త నిబంధన రాతప్రతుల పండితుడు కాస్పర్ రెనె గ్రెగరీ 1885లో ఈ నియమాన్ని ప్రకటించాడు. ఎక్కడైనా తెలుపుకు ఎదురుగా పసుపు కనబడిందంటే ఆకు పోయిందో, తర్వాత ఎవరో చేర్చారో అని వెతకాలి. గ్రీకు ఫారం సాధారణంగా మాంసం వైపు పైకి ఉండేలా మొదలవుతుంది. ఆ తెల్లటి వైపే సిరా పొలుసులుగా రాలిపోవడం గ్రీకు ప్రతుల్లో మామూలు, కనుక వేలితో తడమకండి.

తేదీ విషయానికి వస్తే, లేఖకుడు చివర్లో రాసుకున్న నాలుగు మాటలు దొరికితే పంట పండినట్లే. బైజాంటిన్ సంవత్సరం సృష్టి నుంచి లెక్క, సెప్టెంబరు 1న మొదలవుతుంది. జనవరి నుంచి ఆగస్టు దాకా అయితే 5508 తీసేయాలి, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అయితే 5509. దానితో పాటు పదిహేనేళ్ల చక్రంలో ఎన్నో ఏడు అన్నదీ రాస్తారు, అది సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ఉదాహరణకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్న ఉస్పెన్‌స్కీ సువార్తలు: చిన్నక్షరాల గ్రీకు లిపిలో తేదీ తెలిసిన ప్రతుల్లో అన్నిటికంటే పాతది. అందులో 6343, మే 7 అని ఉంది, చక్రంలో పదమూడో ఏడు. 6343లోంచి 5508 తీస్తే 835. 6343ను 15తో భాగిస్తే మిగిలేది 13. రెండూ కుదిరాయి. కుదరకపోతే లేఖకుడు తడబడ్డాడో, తేదీని ఎవరో తర్వాత చేర్చారో చూడాలి.

తేదీ లేని చోట కూడా లేఖకులు పద్యాలు వదిలారు. పరదేశంలో ఉన్నవారు సొంత ఊరు చూసి సంతోషించినట్లే రాసేవారు పుస్తకం చివర చూసి సంతోషిస్తారు అని ఒకటి చాలా గ్రీకు ప్రతుల్లో కనిపిస్తుంది. అది చదివినప్పుడు మన తాళపత్రాల చివర కనిపించే శ్లోకం, వీపు, నడుము, మెడ విరిగేలా వంగి, చూపు నిలిపి కష్టపడి రాసిన గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడండి అన్నది, గుర్తుకు రాకుండా ఉండదు. మనవాడు నొప్పులు ఏకరువు పెట్టి పాఠకుడికి పని అప్పగించాడు, గ్రీకువాడు ఇంటికి పోయే సంబరంలో ఉన్నాడు.

వాడకపు గుర్తులనూ వదలకండి. గ్రీకు పాఠావళి ఈస్టర్ రోజున "ఆదియందు వాక్యముండెను" అన్న యోహాను మొదటి మాటలతో మొదలవుతుంది. గుడ్‌ఫ్రైడే ముందు రాత్రి యేసు శ్రమల గురించి పన్నెండు పాఠాలు చదువుతారు. నేను చూసిన ప్రతిలో ఆ రాత్రి పాఠాలున్న ఆకుల మీదే కొవ్వొత్తి మైనపు బొట్లు ఎక్కువగా ఉన్నాయి. కింది మూల, బొటనవేలు పట్టే చోట, చర్మం నల్లగా జిడ్డెక్కింది. ఇలాంటివన్నీ ఏ ఆకు, ఏ వైపు అని రాసుకోండి. మైనం గీకి శుభ్రం చేస్తామని ఎవరైనా ముందుకొస్తే అడ్డుపడండి.

మతగ్రంథమే కదా, ఇందులో ఇంకేముంటుంది అనుకునేవారికి నేను చెప్పే ఉదాహరణ ఆర్కిమెడీస్ రాతప్రతి. 1229లో ఒక లేఖకుడు ప్రార్థనల పుస్తకం రాయడానికి కొత్త చర్మం బదులు పాత పుస్తకాల ఆకులు తీసుకుని, అక్షరాలు గీకేసి, అడ్డం తిప్పి మడిచి, వాటి మీద ప్రార్థనలు రాశాడు. కింద ఉన్నది పదో శతాబ్దంలో ఎత్తి రాసిన ఆర్కిమెడీస్ గణిత రచనలు. 1906లో డెన్మార్క్ పండితుడు హైబెర్గ్ దాన్ని కాన్‌స్టాంటినోపుల్‌లో గుర్తించాడు. 1998లో వేలంలో 20 లక్షల డాలర్లకు అమ్ముడై, తర్వాత బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియానికి పరిశీలన కోసం చేరింది. అప్పటికి ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో వెన్నుకు వడ్రంగులు వాడే జిగురు పూశారు. అందులో ఇరుక్కున్న వరసలు బయటపడాలంటే ఆకులు విడదీయాలి. సంరక్షకురాలు అబిగెయిల్ క్వాండ్ట్‌కు ఆ పుస్తకాన్ని విప్పడానికి నాలుగేళ్లు పట్టింది. ఏ ఆకు ఏ ఆకుకు జంటో, మడత ఎక్కడ పడిందో తెలిస్తేనే కింది పాఠం వరుస తెలిసేది. అట్టల గురించి పేజీలకు పేజీలు ఎందుకు రాస్తారన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

నేరుగా చూసే అవకాశం వస్తే తెల్ల చేతి తొడుగులు కొనకండి, అవి సినిమాల్లోనే బాగుంటాయి. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే చాలు. గ్రీకు పుస్తకాన్ని బల్ల మీద బల్లపరుపుగా తెరవకండి, రెండు వైపులా ఫోమ్ దిమ్మలు అడగండి. ఆన్‌లైన్‌లో అయితే వాటికన్ గ్రంథాలయం ప్రతులు ఉచితంగా దొరుకుతాయి. సీనాయి ప్రతులకు 1950 ప్రాంతంలో తీసిన మైక్రోఫిల్ములు అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైటులో ఉన్నాయి. మీ ప్రతి గురించి ఇంతకుముందు ఎవరేమి రాశారో పారిస్ వారు ఆన్‌లైన్‌లో పెట్టిన గ్రీకు రాతప్రతుల జాబితా పినాకెస్‌లో ముందుగా వెతకండి. అయితే ఈ ఫోటోలు పాఠం చదివేవారి కోసం తీసినవి, మైక్రోఫిల్ములు మరీనూ. చాలా ప్రతులకు వెన్ను, అంచులు, అట్ట లోపలి ముఖం ఉండవు. గ్రంథాలయానికి ఉత్తరం రాసేటప్పుడు "బైండింగ్ ఫోటోలు" అని మాత్రం అంటే ముందు అట్ట ఒకటి తీసి పంపి ఊరుకుంటారు. వెన్ను, మూడు అంచులు, రెండు అట్టల లోపలి ముఖాలు, ఏదైనా ఒక ఫారం మధ్య మడతలో దారం కనిపించేలా ఒకటి, పక్కన కొలబద్ద పెట్టి తీయమని విడివిడిగా రాయండి.