టెక్ సందేహాలు: బొమ్మలు గీశారు సరే, అమ్మేదెలా?

ఈసారి శీర్షిక మొత్తం బొమ్మలు వేసేవాళ్లకే. గీసింది ఇంట్లో పేరుకుపోతోంది, ఆన్‌లైన్‌లో పెట్టి అమ్ముదామంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని అడుగుతున్నారు.

వాటర్‌కలర్‌లో బీచ్ రోడ్డు, భీమిలి లైట్‌హౌస్, అరకు కొండలు వేస్తుంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో ధర అడిగేవాళ్లున్నారు. తెలిసినవాళ్లు ముప్పై వేలిస్తే వెబ్‌సైటు చేసిపెడతామంటున్నారు. చేయించుకోమంటారా? (ఎంవీపీ కాలనీ)

ఇప్పుడే వద్దు. ఆ ముప్పై వేలలో కొంత మంచి కాగితానికి, ప్యాకింగ్ సామానుకి పెట్టండి. అడిగేవాళ్లు ఎలాగూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నారు, వాళ్లు ధర చూసి కొనే దారి ఒక్కటే లేదు. కొత్త సిమ్ తీసుకుని దానిమీద వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, యాప్ ఉచితమే. సొంత నంబరు మీద పెడితే రాత్రి పదకొండింటికి కూడా బేరాలు తప్పవు. అందులో క్యాటలాగ్ ఉంటుంది. 500 వస్తువుల దాకా పెట్టొచ్చు, ఒక్కోదానికి 10 ఫొటోల వరకు. మీరు పదిహేనింటితో మొదలుపెట్టండి. ప్రతిదానికీ కొలత సెంటీమీటర్లలో, కాగితం మందం ఎన్ని జీఎస్ఎం, ఫ్రేము ఉందా లేదా, కొరియర్ ఖర్చు కలిసిందా లేదా రాసేయండి. ఈ నాలుగూ లేకపోతే ఒక్కో బొమ్మకి పాతికసార్లు అవే జవాబులు టైపు చేస్తూ కూర్చోవాలి. క్యాటలాగ్ లింకుని ఇన్‌స్టాగ్రామ్ బయోలో పెట్టండి.

రోజూ ఆర్డర్లు వచ్చి, ఎవరికి ఏది పంపారో నోటుపుస్తకంలో తికమక అవుతున్నప్పుడు వెబ్‌సైటు సంగతి చూద్దురుగాని. అప్పుడు కూడా వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైటు తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద వూకామర్స్ (దానికి దుకాణం జోడించేది) చాలు, రెండూ ఉచితం. ఖర్చల్లా డొమైన్‌కీ (సైటు పేరు) హోస్టింగ్‌కీ (సైటు ఉండే సర్వరు అద్దె). రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తోనే కొనండి. చేసిపెట్టిన కుర్రాడి ఖాతాలో ఉండిపోతే, అతను ఊరు మారిన ఏడాది రెన్యూవల్ తప్పిపోతుంది, పేరు చేజారుతుంది. రెండోది, ఒరిజినల్ బొమ్మ ఒక్కటే ఉంటుంది కాబట్టి వూకామర్స్‌లో స్టాక్ మేనేజ్‌మెంట్ ఆన్ చేసి సంఖ్య 1 అని వేయండి. మరిచిపోతే ఒకే బొమ్మకి ఇద్దరు డబ్బు కట్టేస్తారు. డబ్బు కట్టకుండా వదిలేసిన ఆర్డరు కోసం బొమ్మని 60 నిమిషాలు పట్టి ఉంచడం అందులో ముందే ఉండే సెట్టింగు. పండగ అమ్మకాలప్పుడు దాన్ని 15కి తగ్గించుకోండి.

పేమెంట్ గేట్‌వేలు, అంటే సైటులో కట్టిన డబ్బుని మీ ఖాతాకి చేర్చే సంస్థలు, కార్డు చెల్లింపుల మీద సాధారణంగా 2 శాతం, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్‌టీ తీసుకుంటాయి. అంటే 3,000 రూపాయల బొమ్మకి 70 రూపాయల 80 పైసలు. గేట్‌వే ఖాతా తెరిచేముందే సైటులో నిబంధనలు, ప్రైవసీ, వాపసు, డెలివరీ, సంప్రదింపు పేజీలు ఉండాలి. ఇవి లేకే చాలామంది దరఖాస్తులు తిరిగొస్తాయి.

బొమ్మని ఫొటో తీసి వాట్సాప్‌లో ప్రింటింగ్ షాపుకి పంపాను. ఏ3 సైజు ప్రింటు మసగ్గా వచ్చింది, సముద్రం నీలం కాస్తా బూడిద రంగులోకి తిరిగింది. షాపువాళ్ల తప్పా? (సీతమ్మధార)

మసక వాట్సాప్ వల్ల, రంగు వేరే కారణం వల్ల. షాపువాళ్లని అనడానికేం లేదు.

వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. ఏ3 పొడవు 16.5 అంగుళాలు. భాగిస్తే అంగుళానికి 97 చుక్కలే. మంచి ప్రింటుకి 300 కావాలి, అంటే ఏ3కి 3508 × 4961, ఏ4కి 2480 × 3508. ఫోను డబ్బా మీద 50, 108 మెగాపిక్సెల్ అని ఎంత పెద్ద అక్షరాలున్నా, మామూలు మోడ్‌లో ఎక్కువ ఫోన్లు ఇచ్చేది 12 మెగాపిక్సెల్ చుట్టుపక్కలే, 4000 × 3000. అది ఏ4కి నిక్షేపంలా సరిపోతుంది. ఏ3కి అంచులు కత్తిరించాక 240 దగ్గర నిలుస్తుంది. గోడకి తగిలించి నాలుగడుగుల దూరం నుంచి చూసే ప్రింటుకి అదీ పరవాలేదు. కాబట్టి ఫైలుని డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింకు ఇవ్వండి. ఏ4 లోపు బొమ్మలైతే ఫొటో మానేసి 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించడమే మేలు.

ఫొటోయే తీయాలంటే బాల్కనీ నీడలో, పగటి వెలుగులో తీయండి. ఎండ నేరుగా పడకూడదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయండి. కిటికీ వెలుగు, లైటు వెలుగు కలిస్తే ఒక పక్క పసుపు, ఒక పక్క నీలం పడుతుంది, దాన్ని తర్వాత ఏ యాప్ సరిచేయలేదు. బొమ్మని గోడకి నిటారుగా ఆనించి, ఫోను దాని నడిమధ్యకి ఎదురుగా పట్టుకుని, ఐదారడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్ వాడండి. దగ్గరకెళ్లి తీస్తే అంచులు వంకర పోతాయి. కెమెరాలో సీన్ ఆప్టిమైజర్ లాంటివి ఆపండి, అవి ఆకాశం కనిపిస్తే చాలు నీలం దట్టించేస్తాయి. పక్కన తెల్ల కాగితం ముక్క పెట్టి తీస్తే స్నాప్‌సీడ్‌లో వైట్ బ్యాలెన్స్ దాన్ని బట్టి సరిచేసుకోవచ్చు.

ఇక రంగు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటరు సిరాతో. తెరమీద మెరిసే ఆకుపచ్చ కలిసిన నీలాలు, నియాన్ గులాబీలు సిరాకి అందవు. ఏ3 వేయించేముందు అదే కాగితం మీద ఏ5 ముక్క నమూనా తీయించి పగటి వెలుగులో చూడండి. వాడేది పిగ్మెంట్ సిరానా, డై సిరానా అని కూడా అడగండి. డై సిరా ప్రింటు కొన్నవాళ్ల హాల్లో ఎండకి తొందరగా వెలిసిపోతుంది, మాట మీకొస్తుంది.

దొంగిలిస్తారన్న భయంతో బొమ్మ నడుమ పెద్ద వాటర్‌మార్క్ వేయకండి, చూడబుద్ధి కాదు. సైటులో 1500 పిక్సెళ్ల కాపీ పెట్టండి చాలు. దాంతో ఎవరైనా మంచి ప్రింటు తీసుకుందామన్నా 5 అంగుళాలు దాటదు. ఎక్కించేముందు ఫొటోలోని లొకేషన్ వివరాలు తీసేయండి, లేకపోతే అసలు ఫైలులో మీ ఇంటి చిరునామా ఉన్నట్టే.

కాన్వాస్ మీద యాక్రిలిక్ వేస్తాను. హైదరాబాద్ పంపిన బొమ్మ మీద బుడగల గుర్తులు పడ్డాయి. కొరియర్ చార్జీ కూడా బరువుకి మించి వేశారు. (పెందుర్తి)

యాక్రిలిక్ ఆరినట్టే ఉంటుంది కానీ వేడికి మెత్తబడుతుంది. బబుల్ ర్యాప్ బుడగల వైపు నేరుగా తగిలితే లారీలో అచ్చు పడిపోతుంది. ముందు సిలికాన్ పూసిన కాగితం, దానిపై ప్లాస్టిక్ కవరు, ఆపై బుడగలు బయటికి ఉండేలా ర్యాప్ చుట్టండి. చుట్ట చుట్టి పంపాలంటే రంగు వైపు బయటికి ఉండాలి, లోపలికి చుడితే ముడతలు పడి పగులుతుంది. గొట్టం వ్యాసం 10 సెంటీమీటర్లకి తగ్గనీయకండి. కాగితం బొమ్మలైతే రెండు అట్టల మధ్య పెట్టండి, ఒక అట్ట గాడులు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే వంగదు. మన విశాఖ ఉక్కకి, ముఖ్యంగా వానాకాలంలో, వాటర్‌కలర్‌ని రెండు రోజులు ఆరనిచ్చి సిలికా జెల్ పొట్లం వేసి మూయండి. గాజు ఫ్రేము ఎప్పుడూ పంపకండి.

చార్జీ వాల్యూమెట్రిక్ లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి, అసలు బరువు కన్నా అది ఎక్కువైతే దానికే వసూలు. 50 × 40 × 5 పెట్టె 700 గ్రాములున్నా 2 కిలోల కింద లెక్క. అదే 50 సెంటీమీటర్ల గొట్టం, 12 వ్యాసం, కిలోన్నర లోపే. ప్యాక్ చేసి కొలిచాకే ధర చెప్పండి.

నేవీలో ఆఫీసరునంటూ ఒకాయన నాలుగు బొమ్మలు కావాలన్నాడు. అడ్వాన్స్ కోసం క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమన్నాడు. (గాజువాక)

చేయకండి. డబ్బు తీసుకోవడానికి స్కానూ అక్కర్లేదు, పిన్నూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచే పోతుంది. నేవీ ఉన్న ఊళ్లో ఆ వేషం నమ్మకంగా ఉంటుందనే వేస్తారు. స్క్రీన్‌షాట్ కూడా రసీదు కాదు, బ్యాంకు యాప్‌లో జమ కనిపించాకే ప్యాకింగ్ మొదలెట్టండి. ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఏడాదికి రెండు లక్షల అమ్మకం కూడా ఉండదు. జీఎస్‌టీ కావాలా? (మద్దిలపాలెం)

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులకి పరిమితి 40 లక్షలు కాబట్టి రాష్ట్రం లోపల సొంతంగా అమ్మితే అక్కర్లేదు. ఈ–కామర్స్ ప్లాట్‌ఫారం ద్వారా రాష్ట్రం లోపలే అమ్మేవాళ్లకి 2023 అక్టోబర్ 1 నుంచి పూర్తి రిజిస్ట్రేషన్ బదులు పాన్‌తో తీసుకునే ఎన్‌రోల్‌మెంట్ నంబరు చాలు. చిక్కంతా రాష్ట్రం దాటినప్పుడే. టర్నోవరు ఎంత తక్కువైనా బయటి రాష్ట్రానికి అమ్మితే మామూలుగా రిజిస్ట్రేషన్ తప్పదు. చేతితో వేసిన బొమ్మలు హస్తకళల జాబితాలో ఉన్నాయి కాబట్టి నేరుగా అమ్మేవాళ్లకి ఏడాదికి 20 లక్షల వరకు మినహాయింపు ఉంది, అయితే పాన్‌తో పాటు విలువతో సంబంధం లేకుండా ఈ–వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) ఉండాలి. యంత్రం మీద తీసిన ప్రింట్లని ఈ లెక్కలో కలపకండి. ఒరిజినల్స్, ప్రింట్లు రెండూ అమ్ముతుంటే మొదటి రోజు నుంచే బిల్లులు విడివిడిగా రాసి, ఆ పుస్తకంతో ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.