లెక్కలంటే భయమని బైపీసీ తీసుకోవచ్చా?

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒక రైతు రాశారు: "మా పాప మండలంలోని హైస్కూల్లో పది పాసైంది. లెక్కల్లో 62 వచ్చాయి. ప్రీ ఫైనల్‌లో 50కి ఎన్‌ఎస్‌లో (జీవశాస్త్రం) 46, పీఎస్‌లో (భౌతిక, రసాయన శాస్త్రాలు) 33. అదే హైస్కూల్లో ఆడపిల్లలకు ఇంటర్ పెట్టారు, ఎంపీసీ, బైపీసీ రెండూ ఉన్నాయి. లెక్కలంటే భయం, బైపీసీలో చేరతానంటోంది. బంధువులేమో విజయవాడ హాస్టల్లో వేయమంటున్నారు. మాకు ఐదెకరాల శనక్కాయ తప్ప వేరే ఆదాయం లేదు. ఏం చేయమంటారు?"

అన్నా, నన్ను ఆపింది ఆ 62 కాదు, పీఎస్‌లో వచ్చిన 33. ఎన్‌ఎస్ అంత బాగా చదివే పిల్లకు పీఎస్‌లో మార్కులు ఎక్కడ పోయాయో చూస్తే, గ్రూపు సంగతి సగం తేలిపోతుంది.

ఈ రాత్రి పాపను కూర్చోబెట్టి ఒక్క లెక్క ఇవ్వండి. పదో తరగతిదే. కుంభాకార కటకం ముందు 30 సెంటీమీటర్ల దూరంలో వస్తువు ఉంది, అవతల 15 సెంటీమీటర్ల దూరంలో తెర మీద ప్రతిబింబం పడింది, నాభ్యంతరం ఎంత? జవాబు 10 సెంటీమీటర్లు. ఆమె సూత్రం సరిగ్గానే రాసి, గుర్తులు కూడా సరిగ్గానే వేసి, చివర్లో 15లో ఒక వంతును, 30లో ఒక వంతును కలిపేటప్పుడు తడబడి 45 అని తేల్చిందనుకోండి. అప్పుడు ఆమెకు రానిది ఫిజిక్స్ కాదు, పదో తరగతి లెక్కలూ కాదు. ఆరు, ఏడు తరగతుల్లో వదిలేసిన భిన్నాలు. నా దగ్గరకు లెక్కలంటే భయమని వచ్చే పిల్లల నోటు పుస్తకాలు తిరగేస్తే చాలాసార్లు కనిపించేది ఇదే. అది కూర్చుని నేర్పితే కొన్ని వారాల్లో సర్దుకునే లోటు. దాని కోసం రెండేళ్ల చదువు మార్చుకోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో మాట. బైపీసీలో చేరితే లెక్కల పేపరు పోతుందేగానీ లెక్కలు పోవు. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండు గ్రూపుల్లోనూ ఉంటాయి. మన బావిలోకి రాయి జారవిడిస్తే రెండు సెకన్లకు నీళ్లు తాకింది, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అని బైపీసీ పిల్లనూ అడుగుతారు (19.6 మీటర్లు). నీట్‌లో 180 ప్రశ్నలుంటే బయాలజీవి 90, మిగతా 90 ఫిజిక్స్, కెమిస్ట్రీవి. ఈఏపీసెట్ అగ్రికల్చర్ పేపరూ అంతే, 160లో 80 ప్రశ్నలు ఆ రెండింటివే. అందుకే భయంతో బైపీసీ వద్దంటున్నాను. ఇష్టంతో అయితే కళ్లు మూసుకుని చేర్చండి.

ఎన్‌ఎస్‌లో 46 చూస్తే ఇష్టమే అయ్యుండొచ్చు అనిపిస్తోంది. అలాగైతే ఎంబీబీఎస్ ఒక్కటే గమ్యం అని ఆ పిల్ల నెత్తిన పెట్టకండి. మీది శనక్కాయ పండించే ఇల్లు. మీరు వేసే కదిరి రకం విత్తనం ఎక్కడ పుట్టింది? కదిరి వ్యవసాయ పరిశోధన స్థానంలో. అక్కడ పనిచేసే శాస్త్రవేత్తల్లో బీఎస్సీ అగ్రికల్చర్‌తో మొదలుపెట్టినవాళ్లు ఉంటారు. ఆ కోర్సుకు దారి బైపీసీ, ఈఏపీసెట్. మహానందిలో వ్యవసాయ కళాశాల ఉంది, అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాల, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉన్నాయి. అన్నీ మన సీమలోనే. అగ్రికల్చర్ సీట్లలో పల్లె బడుల్లో చదివిన రైతు పిల్లలకు రైతు కోటా ఉంటుంది కాబట్టి పాప స్టడీ సర్టిఫికెట్లు, మీ పట్టాదారు పాసుపుస్తకం ఇప్పుడే సరిచూసి పెట్టుకోండి. ఇవి కాక ఫార్మసీ, నర్సింగ్, ల్యాబ్ టెక్నాలజీ ఎలాగూ ఉన్నాయి.

భిన్నాలు సర్దుకున్నాక లెక్కలు బాగున్నాయే అని పాపే అంటే ఎంపీసీ. ఇంజినీరింగ్‌కు అనంతపురం జేఎన్‌టీయూ దగ్గరే ఉంది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీకి పది మార్కులతోనే తీసుకుంటారు, ఆరేళ్ల చదువు. సర్కారు బడి పిల్లలకు కొంత అదనపు స్కోరు కలుస్తుంది, అయినా పోటీ గట్టిది. దరఖాస్తు పెట్టండి, దాని మీదే ఆశ పెట్టుకోకండి. ఈ మధ్య ఎంబైపీసీ కూడా వచ్చింది. లెక్కలు, బయాలజీ రెండూ మోయాలి. మీ పాపకు ఇప్పుడు ఆ బరువు వద్దు.

ఇక హాస్టల్ సంగతి. అప్పు చేసి విజయవాడ పంపకండి. కానీ ఊరి దగ్గర ఉంది కదా అని చూడకుండా కూడా చేర్చకండి. బోర్డు మీద ఎంపీసీ, బైపీసీ అని రాసి ఉండటం వేరు, వాటిని చెప్పేవాళ్లు ఉండటం వేరు. హెడ్మాస్టర్ గారిని కలిసి ఫిజిక్స్ ఎవరు చెబుతారు, పోయినేడాది సిలబస్ అయిందా అని అడగండి. తర్వాత ల్యాబ్ చూపించమనండి. ఒకప్పుడు నేను ఒక కాలేజీకి వెళ్తే మైక్రోస్కోపులు కొన్నప్పటి ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి, పిల్లలు మాత్రం రికార్డుల్లో ఉల్లిపొర కణాల బొమ్మలు అందంగా వేసి ఉన్నారు. ఒక్కరూ ఆ కణాన్ని చూడలేదు. ఆ రోజు నాకు కలిగిన దుఃఖం ఇప్పటికీ పోలేదు. కాబట్టి బీరువా తాళం ఎవరి దగ్గరుంది, బ్యూరెట్లు తడిసిన గుర్తులున్నాయా, వెర్నియర్ కాలిపర్స్ పిల్లల చేతికిస్తారా అని చూడండి. ఇంటర్‌లో చేరిన పిల్లలు ఉంటారు కదా, వాళ్లను అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు.

ఫిజిక్స్ చెప్పేవాళ్లు లేకపోతే అక్కడ చేర్చొద్దు. కళ్యాణదుర్గం ప్రభుత్వ జూనియర్ కాలేజీ, ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయాలు ఆ తర్వాత చూడాల్సినవి. కస్తూర్బాలో ఉండటానికి, తిండికి ఖర్చు లేదు, కానీ ఏ బడిలో ఏ గ్రూపు ఉందో ముందే కనుక్కోండి.

స్కూలుకు వెళ్లేటప్పుడు పాపను వెంట తీసుకెళ్లండి, ప్రశ్నలు ఆమెనే అడగనివ్వండి. కటకం లెక్క చేసిన కాగితం కూడా తీసుకెళ్లి పదిలో లెక్కలు చెప్పిన సారుకు చూపించండి. తరగతులు మొదలయ్యేలోపు రోజూ ఒక గంట భిన్నాలు చేయించమని అడగండి. పదిహేను రోజుల తర్వాత గ్రూపు ఏదని పాపను మళ్లీ అడిగి, ఆమె ఏమందో నాకు రాయండి.