పండగ రద్దీకి సరిపడే ఛార్జర్లు ఎవరు పెడతారు?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటున్నాము. మా అత్తగారి ఊరు విజయవాడ దగ్గర. ఎలక్ట్రిక్ కారు కొనాలని ఉంది కానీ, ఈ మధ్య స్నేహితుల కారులో వెళ్లినప్పుడు దారిలో ఒక కేంద్రంలో ఛార్జర్ పనిచేయలేదు, మరోచోట గంటసేపు వేచి ఉండవలసి వచ్చింది. పెట్రోలు బంకుల్లాగా దేశమంతటా ఛార్జింగ్ కేంద్రాలు పెట్టడం అంత కష్టమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కష్టమేనండీ. పెట్రోలు బంకు కింద ట్యాంకు ఉంటుంది. పండగకు గిరాకీ పెరుగుతుందనుకుంటే యజమాని ముందురోజే మరో ట్యాంకరు తెప్పించి నింపుకుంటాడు. ఛార్జింగ్ కేంద్రానికి ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. కారు వచ్చి నిలబడిన క్షణాన ఎంత కరెంటు కావాలో అంతా తీగల మీదుగా అప్పటికప్పుడు రావాలి. 60 కిలోవాట్ల ఛార్జర్లు నాలుగు పెడితే 240 కిలోవాట్లు కావాలి. ఇంటికి 5 కిలోవాట్ల లెక్కన చూస్తే అది దాదాపు 50 ఇళ్ల లోడు. దానికి విడిగా ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, చాలాచోట్ల 11 కేవీ లైను కూడా పొడిగించాలి. ఛార్జర్ కొనడం కంటే ఈ పనులకే ఎక్కువ కాలం పడుతుంది.

ఇంత చేసినా, 40 యూనిట్ల బ్యాటరీని 10 శాతం నుంచి 80 శాతానికి నింపడానికి 28 యూనిట్లు కావాలి. బ్యాటరీ నిండేకొద్దీ కారు తీసుకునే వేగం తగ్గుతుంది కనుక ఒక్కో కారుకు ముప్పావు గంట వేసుకోవాలి. భోగికి ముందురోజు మీ విజయవాడ దారిలోని పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరే కార్లలో పదోవంతు ఎలక్ట్రిక్‌వి అయినా ఏం జరుగుతుందో మీరే ఊహించండి. ఆ రద్దీకి సరిపడా ఛార్జర్లు పెట్టినవాడికి ఆషాఢంలో అవి ఖాళీగా కనిపిస్తాయి, అప్పు మీద వడ్డీ మాత్రం నెలనెలా కట్టవలసి వస్తుంది. నా దృష్టిలో అసలు చిక్కుముడి ఇదే. జాతీయ రహదారులకు రెండువైపులా 25 కిలోమీటర్లకు ఒక కేంద్రం ఉండాలని 2022 మార్గదర్శకాలు చెప్పాయి. ఎలక్ట్రిక్ వాహనాలను ప్రోత్సహించడానికి కేంద్ర ప్రభుత్వం 2024లో ప్రకటించిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో 10,900 కోట్ల రూపాయలకు గాను 2,000 కోట్లు ఛార్జింగ్ కేంద్రాలకే కేటాయించారు. అయితే దూరాన్ని కొలిచి కేంద్రాలు పెట్టడం వేరు, పెట్టినవి ఏడాది పొడవునా పనిచేసేలా చూడడం వేరు. మీకు ఎదురైన ఇబ్బంది రెండోది.

దేశమంతటికీ ఒకే పథకంగా ఈ పని చేసిన దేశం ఎస్టోనియా. కర్బన ఉద్గారాల కోటాను, అంటే ఇంత మేరకు కర్బన వాయువులు వదలవచ్చనే హక్కును, జపాన్ సంస్థ మిత్సుబిషికి అమ్మగా వచ్చిన నిధులతో 2013 నాటికే అక్కడ 165 వేగవంతమైన ఛార్జర్లు ఏర్పాటయ్యాయి. కానీ ఆ వేగవంతమైన ఛార్జింగ్ జపాన్‌వారి చాడెమో అనే ప్లగ్గు పద్ధతిలో ఉండగా, తరువాత ఐరోపా కార్లు సీసీఎస్ అనే మరో రకం ప్లగ్గు వైపు మళ్లాయి. ముందుగా కట్టినవారికి ఆ చిక్కు తప్పలేదు. మన దేశంలో ఇప్పుడు అమ్ముడవుతున్న కార్లలో ఎక్కువ వాటికి సీసీఎస్-2 గన్నే (కారుకు తగిలించే ప్లగ్గు) సరిపోతుంది కనుక ఆ విషయంలో మనం కొంత నయం.

మీరు కారు నిశ్చింతగా కొనవచ్చు. ఇంట్లో పూర్తిగా నింపుకొని బయలుదేరితే దాదాపు 275 కిలోమీటర్ల దారిలో ఒక్కసారి ఆగితే చాలు. ఆగేది మాత్రం ఒకే గన్ను ఉన్న చోట కాకుండా కనీసం మూడు ఉన్న చోట చూసుకోండి.

ప్రశ్న: సూర్యాపేట దగ్గర రహదారి పక్కన మాకు స్థలం ఉంది. ఛార్జింగ్ కేంద్రం పెట్టడానికి లైసెన్సు కావాలా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: అక్కరలేదు. ఛార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కాదని, అది ఒక సేవ అని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. భద్రతా ప్రమాణాలు పాటించాలి. ఛార్జర్ బేరం ఆడే ముందు మీ డిస్కం కార్యాలయానికి వెళ్లి, ఆ లైను మీద అంత లోడు ఇవ్వగలరో లేదో, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఎవరు భరించాలో రాతపూర్వకంగా తెలుసుకోండి.