అన్నాల వేళ చర్చావేదిక నడపబోయే టీచరమ్మకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ గుంటూరు బడిలో మధ్యాహ్నం పూట పిల్లల చేత వాదనలు పెట్టిస్తానన్నావు, చాలా సంతోషం. గలగలా మాట్లాడే పిల్లలు ఏ బడిలోనైనా ఉంటారమ్మా. ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడమే మనం నేర్పాల్సింది. ఏర్పాట్లన్నీ దాని కోసమే చెయ్యి.

నాలుగు, ఐదు తరగతుల నుంచి 12 మందిని తీసుకో. వారానికి ఒక్క రోజు, 20 నిమిషాలు చాలు. అన్నాలు తిని, కంచాలు కడుక్కుని వచ్చాకే మొదలుపెట్టు. కుళాయిల పక్కనున్న వరండా మాత్రం వద్దు. ఆ చప్పుడులో సన్నగొంతు పిల్లల మాట వినపడదు, ముందు మానేసేది వాళ్లే.

అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మిగిలినవాళ్లలో ఒకరు గడియారం చూస్తారు, ఒకరు బోర్డు మీద రాస్తారు, నలుగురు తీర్పు చెబుతారు. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేల్చు. తలా ఒక నిమిషం వాదన, అర నిమిషం జవాబు.

‘సెల్‌ఫోన్ మంచిదా, చెడ్డదా’ లాంటి అంశాలిస్తే పెద్దవాళ్ల మాటలే వల్లిస్తారు. ‘కోడిగుడ్డు ఉడకబెట్టి విడిగా పెట్టాలా, కూరలో వెయ్యాలా?’ అని అడిగి చూడు, ఒక్కరూ ఊరుకోరు. అంశం అప్పటికప్పుడే చెప్పి, ఆలోచించుకోవడానికి నాలుగు నిమిషాలివ్వు. ముందురోజే చెప్పావా, ఇంట్లో కాగితం మీద రాసి పంపుతారు. ఒక్క వాక్యం మరిచిపోతే బిడ్డ అక్కడే ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది.

ఇక అసలు నియమం. జవాబు చెప్పేముందు అవతలివాళ్లన్నది తిరిగి చెప్పాలి: ‘కూరలో వేస్తే గుడ్డు అందరికీ సమానంగా రాదన్నావు, అవునా?’ అవతలి పిల్ల ‘అవును’ అంటేనే ముందుకు. ‘నేనలా అనలేదు’ అంటే మళ్లీ చెప్పాల్సిందే. ఆ సమయం లెక్కలోకి రాదు. మొదటి వారాల్లో సగం సమయం దీనికే పోతుంది, పోనివ్వు. తొందరపడి దీన్ని తీసేస్తే మిగిలేది అరుపులే.

‘ఎందుకంటే’ అని కారణం చెప్పిన ప్రతిసారీ బోర్డు మీద ఒక గీత. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్న మాట వస్తే కోప్పడకు. ‘ఆ మాట నేనొప్పుకోను, ఎందుకంటే...’ అని మళ్లీ మొదలుపెట్టించు. ఇంగ్లీషు మీడియమైనా తెలుగులోనే మాట్లాడనివ్వు. లేకపోతే కారణం వదిలేసి మాటల కోసం వెతుక్కుంటారు.

తీర్పరుల చేత కళ్లు మూయించి, వాదనకు ముందొకసారి, తర్వాతొకసారి చేతులెత్తించు. కళ్లు తెరిచి ఉంటే స్నేహితుల వైపే ఎత్తుతారు. మనసు మార్చుకున్నవాళ్లను ఏ మాట మార్చిందో అడుగు. కప్పులు, బహుమతులు పెట్టకు. పెడితే ప్రతిసారీ ఆ ఇద్దరు గట్టివాళ్లనే ముందుకు తోస్తారు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులొస్తే పిల్లలు అన్నం తిని ఇళ్లకు వెళ్లిపోతారు. అందుకని ఫిబ్రవరి ఆఖరులోపు అందరికీ రెండు పక్షాల తరఫునా మాట్లాడే అవకాశం వచ్చేలా వంతులు ఇప్పుడే నోటుపుస్తకంలో రాసిపెట్టుకో.