ఒక ప్రోగ్రాం గీసిన టెక్స్చర్‌ను ఇంకో ప్రోగ్రాంలో వాడుకోవడం: నా అనుభవం

ఒక ప్రోగ్రాం గీసిన బొమ్మను (గ్రాఫిక్స్ కార్డు మెమరీలో ఉండే ఇలాంటి బొమ్మనే టెక్స్చర్ అంటారు), మామూలు మెమరీలోకి, అంటే ర్యామ్‌లోకి కాపీ చేయకుండా ఇంకో ప్రోగ్రాం చూపించగలదా అని అడిగారు. విండోస్‌లో చూపించగలదు. ఒక పెళ్లి స్టేజీ ఎల్ఈడీ వాల్ పని ఒప్పుకున్నప్పుడు నాకూ ఇదే అవసరం పడింది.

మొదట ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ లైబ్రరీలోని రీడ్‌పిక్సెల్స్ ఫంక్షన్‌తో ఫ్రేమును ర్యామ్‌లోకి లాగి, రెండో ప్రోగ్రాంకు ఇచ్చాను. 1920×1080 ఫ్రేము, పిక్సెల్‌కు 4 బైట్ల లెక్కన, దాదాపు 8.3 ఎంబీ. సెకనుకు 60 ఫ్రేములంటే 500 ఎంబీకి కొంచెం తక్కువ. ఆ మాత్రం బరువు గ్రాఫిక్స్ కార్డుకు లెక్కలోది కాదు. కానీ గీయడం పూర్తయ్యేదాకా సీపీయూ ఎదురుచూస్తూ ఆగిపోతుంది. వాల్ మీద వధూవరుల పేర్లు పక్కకు జరుగుతుంటే అదురుతూ కనిపించేవి.

అప్పుడు విండోస్ గ్రాఫిక్స్ లైబ్రరీ అయిన డైరెక్ట్‌ఎక్స్ 11లోని షేర్డ్ టెక్స్చర్‌కు (రెండు ప్రోగ్రాంలు పంచుకునే టెక్స్చర్) మారాను. టెక్స్చర్ తయారుచేసేటప్పుడే కీడ్ మ్యూటెక్స్ (ఒకసారికి ఒక ప్రోగ్రామే వాడేలా చేసే తాళం) ఫ్లాగ్ పెట్టి, ఆ టెక్స్చర్ హ్యాండిల్‌ను (దాన్ని గుర్తించే అంకెను) రెండో ప్రోగ్రాంకు పంపాలి. పాత రకం హ్యాండిల్ అయితే ఆ అంకె పంపితే చాలు. గీసే ప్రోగ్రాం 0 కీతో అక్వైర్‌సింక్ చేసి (తాళం తీసుకుని), పని అయ్యాక 1తో రిలీజ్‌సింక్ చేస్తుంది (వదిలేస్తుంది). చూపించేది 1తో తీసుకుని 0తో వదులుతుంది.

ఇక్కడే నాకు ఒక రాత్రంతా పోయింది. చూపించే ప్రోగ్రాం ఆగిపోతే గీసేది కూడా ఆగకూడదని టైమౌట్ (ఎదురుచూసే గడువు) పెట్టాను. టైమౌట్ అయితే అక్వైర్‌సింక్ ఇచ్చే విలువ 0x102. అది రుణ సంఖ్య కాదు కాబట్టి ఫలితం విజయమా కాదా అని చూసే సక్సీడెడ్ మాక్రో దాన్ని విజయమే అనుకుంటుంది! తాళం దొరక్కుండానే గీసేస్తున్నాను, సగం పాత ఫ్రేము, సగం కొత్త ఫ్రేము కలిసి వస్తోంది. తిరిగొచ్చిన విలువ సరిగ్గా ఎస్_ఓకేనా (పని అయిందని చెప్పే విలువ) అని పోల్చి చూడండి, కాకపోతే ఆ ఫ్రేము వదిలేయండి.

లాప్‌టాప్‌లో మరో టెన్షన్. డెస్క్‌టాప్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామే అక్కడ టెక్స్చర్ తెరవడం దగ్గరే ఫెయిలైంది. ఒక ప్రోగ్రాం ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చిప్పు మీద, ఇంకోటి విడి కార్డు మీద నడుస్తున్నాయి. ఈ పద్ధతికి రెండూ ఒకే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) మీద ఉండాలి. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రెండింటికీ హై పర్ఫార్మెన్స్ ఎంచుకున్నాక సరిపోయింది. ఇప్పుడైతే మొదలవ్వగానే రెండు వైపులా అడాప్టర్ ఎల్‌యూఐడీని (ఏ జీపీయూనో గుర్తించే సంఖ్యను) పోల్చి చూసే కోడ్ పెట్టుకున్నాను.

ఇదంతా సొంతంగా రాసే తీరిక లేకపోతే ఇదే పని చేసిపెట్టే స్పౌట్ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితమే, సోర్స్ కూడా చదవొచ్చు. మ్యాక్‌లో అదే పనికి సైఫన్ ఉంది. మీ లాప్‌టాప్‌లో రెండు జీపీయూలు ఉంటే మాత్రం కోడ్ ముట్టుకునే ముందు ఆ సెట్టింగ్ చూడండి.